పచ్చడికి వచ్చిన ఓడలు

మొన్న గుంటూరులో ఎగ్జిబిషన్ పెడితే మా కోడలు బలవంతాన తీసుకెళ్లింది. గాజుల కొట్లూ అప్పడాల కొట్లూ దాటుకుని వెళితే, చివర్లో ఒక కుర్రాడు ఓడల బొమ్మలు వరసగా పేర్చి అమ్ముతున్నాడు. అన్నీ పాతకాలం నాటి యుద్ధనౌకల నమూనాలట. నేను ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, తలకిందులు చేసి అడుగు చూశాను. ఎరుపు. పక్కదాన్నీ తిప్పి చూశాను. అదీ ఎరుపే. మూడోదాని మీద చెయ్యి వేసేసరికి ఆ కుర్రాడు నా వంక అదోలా చూస్తూ, "ఏం వెతుకుతున్నారు మామ్మగారూ?" అన్నాడు. కోడలికి సిగ్గేసి నా చెయ్యి పట్టుకుని ఇవతలకి లాగేసింది. నాకైతే ఆ కుర్రాడి మీద కోపం రాలేదు. అనుమానపడే వాళ్లంటే నాకు కాస్త గౌరవం. నేను పుట్టి పెరిగిన ఇల్లే అలాంటిది.

మా ఊరిది నల్లరేగడి నేల. పత్తి, మిరప తప్ప మూడో పంట మాట మేము పెద్దగా విన్నది లేదు. సముద్రం చూడాలంటే చీరాల దాకా పోవాలి, మా ఊళ్లో చాలామంది పోకుండానే బతికేశారు. ఇంట్లో నాన్న, అమ్మ, నాయనమ్మ, బాబాయి, నేను. తాతయ్య నేను పుట్టకముందే పోయాడు. ఉన్న అయిదుగురం ఒకళ్లనొకళ్లు కనిపెట్టుకుని ఉండేవాళ్లం. పాలు పలచగా ఉంటే గేదెకి ఏమైందోనని ఎవరూ అడగరు, పాలు పిండిన మనిషి మొహం చూస్తారు. పెరట్లో జామకాయ మాయమైతే పిల్లలందరి నోళ్లూ వాసన చూస్తారు. ఆ వాసన చూసే పని నాయనమ్మది. ఆవిడ ముక్కుకి దొరక్కుండా ఆ ఇంట్లో ఎవరూ ఏమీ తినలేదు.

ఇంతమంది అనుమానాలకీ సరిపడా మేత దొరికింది బాబాయి విశాఖపట్నం నుంచి తిరిగొచ్చాక. నాన్నకీ ఆయనకీ వయసులో చాలా తేడా. నాన్న తమ్ముణ్ణి కొడుకులా చూసుకునేవాడు. నేవీలో చేరతానని బాబాయి బయల్దేరినప్పుడు నాన్న ఆగలేక ముందే ఊరంతా చెప్పేశాడు. మా తమ్ముడు తెల్లబట్టలేసుకుని ఓడెక్కుతాడని రచ్చబండ దగ్గర ఒకటే గొప్పలు. తీరా చూస్తే బాబాయి వెళ్లినంత వేగంగా తిరిగొచ్చాడు. ఏమైందిరా అంటే "నాకే నచ్చలేదు" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క లేదు.

ఆ ముక్క ఎవరు నమ్ముతారు? ఊరు ఊరంతా తలో కారణం వెతికింది. అందులో నాయనమ్మ చెప్పిన కారణాలే ఎక్కువ. సొంత కొడుకని కూడా చూడకుండా, కారం దంచే దగ్గర ఆవిడే మొదలుపెట్టేది. వాడక్కడ ఎవరో పిల్లని చూసుకున్నాడేమో వదినా, అందుకే పంపేసి ఉంటారు అనేది. ఆ మాట పాతబడేసరికి, పేకాట అలవాటైందేమోనని నా అనుమానం అనేది. తర్వాత ఎవరో స్వామికి మొక్కుకున్నాడట అంది. ఒక్కో వారం ఒక్కో కథ. వినేవాళ్లకి పండగ. ఈవిడేం తల్లి, కన్నకొడుకుని ఇలా బజార్న పెడుతోంది అని మా అమ్మ లోపల్లోపల మండిపడేది. నాకూ అలాగే అనిపించేది.

మా ఇంట్లో పత్తికాలం వచ్చిందంటే మనుషులకి చోటుండదు. ఏరిన పత్తి ఏరినట్టు తెచ్చి గదుల్లో పోసేవాళ్లు. ధర వచ్చేదాకా అలా ఉండాల్సిందే. ఒక గది నిండితే ఇంకో గది. మంచాలు వరండాలోకి పోతాయి, బియ్యం బస్తాలు వంటింట్లోకి వస్తాయి. పత్తి గుట్ట ఎక్కి చేత్తో దూలాన్ని ముట్టుకుని, కిందికి దొర్లడం పిల్లల ఆట. పెద్దవాళ్లు చూస్తే వీపు విమానం మోతే, అయినా మానేవాళ్లం కాదు. ఆ పత్తికి ఒక వాసన ఉంటుంది. గింజల్లోని నూనె, చేలోని దుమ్ము, ఎండ కలిసిన వాసన. ఇప్పటికీ పరుపుల కొట్టు ముందు నుంచి పోతే నాకు తుమ్ము వస్తుంది, వెంటనే ఆ ఇల్లు గుర్తొస్తుంది.

అలాంటి రోజుల్లో బాబాయి పడమటి గదికి తాళం వేసుకున్నాడు. పత్తి పొయ్యడానికి వీల్లేదన్నాడు. ఇల్లంతా పత్తితో కిక్కిరిసి ఉంటే ఒక గది ఖాళీగా తాళంతో ఉండటం మా ఊళ్లో ఎవరూ కనీవినీ ఎరగరు. దానికి తోడు పెట్టెలు రావడం మొదలైంది. రెండు మూడు నెలలకోసారి బాబాయి నల్లపాడు స్టేషనుకి పోయి, గోనెపట్టా చుట్టిన చెక్కపెట్టె సైకిలుకి కట్టుకుని వచ్చేవాడు. తిన్నగా గదిలోకి పోయి తలుపేసుకునేవాడు. అమరావతి వైపు పాతరాళ్లు తవ్వుకొచ్చి అమ్మేవాళ్లతో కలిశాడని ఒకరన్నారు. రాళ్లయితే సైకిలు మోయదు కదా అని ఇంకొకరన్నారు. నేను తలుపు సందులోంచి, కిటికీ కంతలోంచి ఎంత చూసినా చీకటి తప్ప ఏమీ కనపడేది కాదు.

అదే సమయంలో అటక మీద పచ్చడి జాడీల్లో మట్టం తగ్గడం మొదలైంది. నాయనమ్మ పట్టే కొరివికారం అంటే మా చుట్టుపక్కల పేరు. పండుమిరపకాయలు ఉప్పూ చింతపండుతో తొక్కి, ఊరాక మెంతిపిండి కలిపి తాలింపు పెడితే, వీధి చివర మనిషికి కూడా ఆకలేసేది. పొద్దున్నే చద్దన్నంలో అంత ముద్ద, పైన ఇంత వెన్న. అటువంటి పచ్చడి మాయమైతే మొదట నన్నే పట్టుకున్నారు. నేను కాదని తేలాక పిల్లి అన్నారు. కారం తినే పిల్లి ఎక్కడైనా ఉంటుందా? నాయనమ్మ మాత్రం ఎందుకో గట్టిగా విచారణ చెయ్యలేదు. ఆ ఏడు ఇంకో జాడీ ఎక్కువ పెట్టింది, అంతే.

ఒక మధ్యాహ్నం ఆ గది గుట్టు బయటపడింది. నాయనమ్మ పెరట్లో పండుకాయలు తొక్కుతోంది, నేను ఉప్పు అందిస్తున్నాను. పడమటి గది కిటికీలోంచి ఘాటైన వాసన వచ్చింది. పత్తికి కొట్టే పురుగుమందు వాసనలాగే ఉంది. పురుగు తిని చేలు పోతున్న రోజులవి. తలుపు మూసిన గదిలోంచి ఆ వాసన వస్తే మా ఊళ్లో మనుషులకి గుండె ఆగిపోయేది, ఎందుకో నేను చెప్పక్కర్లేదు. నాయనమ్మ రోకలి అక్కడే పడేసి పరిగెత్తింది. రెండు చేతులతో తలుపు బాదింది. కారం చేతుల గుర్తులు తలుపంతా పడ్డాయి.

బాబాయి తలుపు తీశాడు. చేతిలో కుంచె ఉంది. మనిషి నిక్షేపంలా ఉన్నాడు. ఆ వాసన రంగు పలచన చేసే నూనెది. నాయనమ్మ గడప మీద కూలబడి ఏడుస్తూ, కారం చేత్తోనే కళ్లు తుడుచుకుంది. ఇక చూడాలి ఆవిడ కేకలు. బాబాయి నీళ్ల కోసం పరిగెత్తాడు, అమ్మ వెన్న తెచ్చింది, నేను మాత్రం సందు దొరికిందని గదిలోకి దూరాను.

గోడల వెంట చెక్కబల్లలు, వాటి మీద ఓడలు. మా ఊరి చెరువులో కాగితప్పడవ తప్ప ఇంకో పడవ ఎరగని దాన్ని, నోరు తెరుచుకుని నిలబడిపోయాను. మూడు స్తంభాలకీ తెరచాపలు కట్టిన చెక్క ఓడలు, పక్కల నుంచి వరసగా బయటికి చూసే బుల్లి ఫిరంగులు, పొగగొట్టాలున్న ఇనప ఓడలు, వెడల్పాటి వీపు మీద విమానాలు దిగే ఓడ, చేపలా నున్నగా ఉన్న జలాంతర్గామి. కొన్ని విరిగి వచ్చినవి. వాటికి వెదురుపుల్లలతో స్తంభాలు చేశాడు, మా చేలో పత్తినే పురిపెట్టి తాళ్లు కట్టాడు, అమ్మ చీరాల నేతచీర చింపు తెరచాపలైంది. ఆ చింపు కోసం అమ్మ అంతకు ముందు నెలలో చాకలామెతో పోట్లాడింది.

నాన్న పొలం నుంచి వచ్చి గదంతా కలియజూశాడు. "ఇవెక్కడివిరా?" అన్నాడు. విశాఖపట్నానికి తనతో పాటు వచ్చి నేవీలో చేరిన స్నేహితుడు ఒకడున్నాడనీ, ఏ రేవులో దిగినా ఒకటి కొని పంపుతాడనీ బాబాయి చెప్పాడు. ఊరికే ఎవడు పంపుతాడని నాన్న అడిగాడు. బాబాయి అటక వైపు ఒకసారి చూసి నవ్వాడు. ఆ నవ్వు నాన్నకి నచ్చలేదు. ఆ రోజు నుంచి నాన్న తమ్ముణ్ణి చూసే చూపు మారింది. మాటల్లో ఏమీ లేదు, కానీ కల్లం నుంచి బాబాయి ఎప్పుడొచ్చాడు, ఎటెళ్లాడు అని అమ్మని అడగడం మొదలుపెట్టాడు.

నాకు మాత్రం ఆ గదిలోకి దారి దొరికింది. పత్తి ఉండతో ఓడల మీద దుమ్ము తుడవడం నా పని. బాబాయికి ఒక పట్టుదల ఉండేది. నిజంగా ఉండి, నిజంగా యుద్ధం కోసం కట్టిన ఓడ నమూనా అయితేనే బల్ల మీద పెట్టేవాడు. స్నేహితుడు ఒకసారి ముత్యాలు పొదిగిన అందమైన ఓడ పంపితే, ఇది ఉత్త బొమ్మ అని నాకిచ్చేశాడు. ప్రతిదాని కథా ఆయనకి తెలుసు. ఒక రాజు ముచ్చటపడి తన ఓడకి పైఅంతస్తులో కూడా బరువైన ఫిరంగులు పెట్టించాడట. మొదటిరోజే, జనమంతా ఒడ్డున నిలబడి చూస్తుండగానే, కాస్త గాలికి పక్కకి ఒరిగి మునిగిపోయిందట. ఆ ఓడంటే బాబాయికి అన్నిటికన్నా ఇష్టం. పైన ఎంత అందంగా ఉన్నా కింద ఒక లోపం ఉంది చూడు, కట్టినవాళ్లకి తెలుసు, రాజుకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు అనేవాడు. మునిగిన ఓడల్ని ఇంట్లో పెట్టుకోవడం అరిష్టమని నాయనమ్మ గుమ్మంలోంచే గొణిగేది.

రంగులు వేసేటప్పుడు నేను పక్కనుండాలి. రంగు కొట్టులో కొన్నవి కావు అవి. ఎడ్లబండ్లకి రంగులేసే మేస్త్రి దగ్గర మిగిలిపోయిన రంగులు, పేరూ ఊరూ లేని డబ్బాల్లో తెచ్చుకునేవాడు. "ఎరుపు ఇటివ్వమ్మా" అంటే నేను ఇచ్చేదాన్ని. చెయ్యి చాపితే అందే డబ్బాని కూడా నన్నే అడిగేవాడు. ఇంత బద్ధకమేంటని అనుకునేదాన్ని.

ఆ బద్ధకం కల్లంలో ఇంకా బాగా తెలిసేది. మిరప కోత మొదలైతే మా బతుకంతా కల్లంలోనే. పేడతో అలికిన నేల మీద కనుచూపు మేర ఎర్రటి కాయ. చెప్పులతో ఎవరూ ఎక్కరాదు. కోసిన కాయ ఎండబెట్టే ముందు కుప్పలోంచి పచ్చికాయ, దోరకాయ ఏరి పక్కన పెట్టాలి. అవి పండుకాయతో కలిసి ఎండితే తెల్లమచ్చలు పడి తాలుకాయ అవుతుంది, బస్తా మొత్తాన్నీ చెడగొడుతుంది. ఆ ఏరించే బాధ్యత బాబాయిది. కూలీలు ఏరినదాన్ని ఆయన ఆఖరుసారి చూడాలి. ఆయన చూడటం మానేసి ప్రతి కాయనీ వేళ్లతో నొక్కేవాడు. నాన్నకి ఒళ్లు మండిపోయేది. కళ్లతో చూసి ఏరతారురా ఎవరైనా, పెళ్లికూతురి చెయ్యి పట్టుకున్నట్టు ఆ పట్టుకోవడమేంటి అని అందరి ముందూ అరిచేవాడు.

నేను బడి నుంచి రాగానే నాయనమ్మ నన్ను కల్లానికి తరిమేది. ఊరికే తిరక్కపోతే బాబాయి పక్కన కూర్చుని ఏరొచ్చుగా అనేది. బాబాయి బెల్లం జీళ్లు చేతిలో పెట్టి, నీ కళ్లు చురుకమ్మా అంటూ కుప్ప నా ముందుకి తోసేవాడు. జీళ్లు బాగానే ఉండేవి కానీ, నాకూ ఆ ఇంటి రక్తమే కదా, అనుమానం వచ్చింది. ఒకరోజు పరీక్ష పెట్టాను. ఆయన ముందున్న ఏరిన కాయలో ఒక నిగనిగలాడే పచ్చికాయ పెట్టాను. ఆయన దాని వంకే చూస్తూ ఏమీ అనలేదు. ఇంకోటి పెట్టాను. దాన్నీ చూశాడు, ఊరుకున్నాడు. చేత్తో తగిలాకే తీసి పక్కన పడేశాడు. ఎంత సోమరిపోతు అనుకుని, ఇంకో జీడి అడిగి తీసుకున్నాను.

ఆ ఏడు కోతలు జోరుగా సాగుతుండగా నాకు అమ్మవారు పోసింది. వేపాకు పరిచిన పక్క మీద పడుకోబెట్టారు. ఇంట్లో తాలింపు బంద్. పెరుగన్నం, కొబ్బరినీళ్లు. నాయనమ్మ నన్ను వదిలి కదల్లేదు. పగలంతా వేపరెమ్మతో విసురుతూ కూర్చునేది. నా దగ్గరికి ఎవరూ రాకూడదు కాబట్టి బాబాయి సాయంత్రాలు కిటికీ అవతల నిలబడి పలకరించేవాడు. ఒకరోజు కొత్త ఓడ తెచ్చి కిటికీ గూట్లో పెట్టాడు. చెక్క ఓడ, రంగు లేకుండా వచ్చినది. నీ కోసం ఒక్కణ్ణే కూర్చుని రంగు వేశాను అన్నాడు. పైన బూడిదరంగు, అడుగున పచ్చటి ఆకుపచ్చ.

నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోయిందనుకుని మెల్లగా అడిగాను. "బాబాయ్, అన్ని ఓడలకీ అడుగు ఎరుపేసి దీనికి ఆకుపచ్చ ఎందుకేశావ్?"

బాబాయి ఓడ వంక చూశాడు. నా వంక చూశాడు. మళ్లీ ఓడని తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు. నేను కల్లంలో పెట్టిన పచ్చికాయలు నాకు అప్పుడు గుర్తొచ్చాయి. నీకు తెలీటం లేదా అని అడిగాను. తల ఊపాడు.

ఆ తర్వాత ఊచలకి మొహం ఆనించి అంతా చెప్పాడు. విశాఖపట్నంలో డాక్టరు రంగుచుక్కల బొమ్మలు చూపించి అందులో అంకె చదవమన్నాడట. తన ముందూ వెనకా ఉన్న వాళ్లంతా చదివారట. "నాకు చుక్కలే కనపడ్డాయమ్మా. ఎంతసేపు చూసినా చుక్కలే." ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని చూపనీ, దానికి మందు లేదనీ, మగపిల్లలకి తల్లి వైపు నుంచి వస్తుందనీ ఆ డాక్టరు చెప్పాడట. మరి నాన్నకి చెప్పొచ్చుగా అన్నాను.

"చెప్తే నాయనమ్మని బతకనిస్తారా? ఈ ఇంట్లో గేదె చూలు కట్టకపోయినా మీ తాతయ్య అక్కచెల్లెళ్లు ఆవిడ పుట్టింటినే తిడతారు. మిరప పండించే ఇంటికి ఎరుపు తెలియని పిల్లాణ్ణి కన్నావంటే ఇంక వదుల్తారా? నన్ను తిరుగుబోతు అనుకుంటే అనుకోనీ. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు." ఊచల్లోంచి చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకున్నాడు. అమ్మవారు పోసినవాళ్లని తాకకూడదన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం.

నేను పక్క మీద ఉన్నన్ని రోజులూ కల్లంలో ఆఖరు చూపు బాబాయి ఒక్కడిదే. కూలీలు హడావుడిగా ఏరి వదిలేసినవి ఆయన వేళ్లకి అన్నీ దొరకలేదు. బాగా పండిన కాయ మెత్తగా తెలుస్తుంది, పచ్చికాయ గట్టిగా తెలుస్తుంది, రెంటికీ మధ్యనుండే దోరకాయే మోసం చేస్తుంది. ఆ కాయంతా ఎండి, బస్తాలకెక్కి, గుంటూరు మిర్చి యార్డుకి పోయింది.

నాకు వేపాకు నీళ్లు పోసి పక్క ఎత్తేసిన రోజునే నాన్న బస్తాలతో సహా తిరిగొచ్చాడు. యార్డుకి పోయిన కాయ ఇంటికి తిరిగి రావడం కన్నా అవమానం మా రైతులకి ఇంకోటి లేదు. అక్కడ బేరగాడు బస్తాలో చెయ్యి పెట్టి తీసేసరికి పిడికిలి నిండా మచ్చకాయ వచ్చిందట. పైన మంచికాయ పోసి లోపల తాలు దాచుకొస్తారా అని పదిమందిలో అన్నాడట. కాయ శుభ్రంగా ఉంటుందన్నదే నాన్నకున్న ఒక్క పేరు. ఆ పేరు పోయింది.

నాన్న తిన్నగా కల్లానికి పోయి బస్తాలు గుమ్మరించాడు. కబురు తెలిసి అమ్మ పరిగెత్తింది, వెనకే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని నడిచింది. మేము వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. కూలీలంతా పని ఆపి నిలబడి ఉన్నారు. బాబాయి తల వంచుకుని మచ్చకాయల ముందు నిలబడ్డాడు.

"మంచికాయ ఎవడికి పోశావురా?" అన్నాడు నాన్న. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఎవరికీ పొయ్యలేదన్నయ్యా."

"పొయ్యకపోతే తాలు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ గది నిండా ఓడలు ఎలా వచ్చాయి?"

"పచ్చడికి వచ్చాయి," అన్నాడు బాబాయి. సముద్రం మీద చప్పిడి కూళ్లు తినలేక ఆ స్నేహితుడు కొరివికారం పంపమన్నాడనీ, సీసాకో ఓడ చొప్పున పంపుతున్నాడనీ చెప్పాడు. నిజం ఎంత నిజమైనా ఒక్కోసారి అబద్ధం కన్నా అన్యాయంగా వినపడుతుంది. కూలీల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో నాన్న మనసు విరిగిపోయింది.

"రేపు పెద్దమనుషుల్ని పిలుస్తున్నా. నీ వాటా నువ్వు తీసుకో. ఇంక ఈ కల్లం ఎక్కకు," అన్నాడు.

ఆ మాటకి అర్థం అక్కడున్న అందరికీ తెలుసు. కల్లంలో కాయ దొంగిలించాడన్న పేరు పడితే మా ఊళ్లో ఇంకొకరి కల్లం గట్టు మీద కూడా నిలబడనివ్వరు. పిల్లనివ్వరు. కౌలుకి చేను ఇవ్వరు. సొంత అన్నే ఆ పేరు పెడితే ఇక తీసేవాళ్లు ఉండరు. నేను బాబాయి వంక చూశాను. ఆయన నా వంకే చూస్తూ వద్దన్నట్టు తల ఊపాడు. వేసిన ఒట్టు గుర్తొచ్చింది. ఏడుస్తూ నాయనమ్మ చేతిని గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు నాయనమ్మ నా చెయ్యి వదిలేసింది. కల్లం గట్టున ఆ పూట కోసిన కాయ ఇంకా ఏరకుండా కుప్పగా ఉంది. వంగి అందులోంచి రెండు కాయలు తీసింది. ఒకటి నెత్తురులా ఎర్రటిది, ఒకటి పచ్చిది. రెండూ ఒకే పొడుగు. రెండు అరచేతుల్లో చెరొకటి పెట్టుకుని బాబాయి ముందుకి పోయి నిలబడింది.

"నాయనా, ఇందులో పండుకాయ ఏది?"

బాబాయి అలవాటుగా చెయ్యి చాపాడు. ఆవిడ చేతులు వెనక్కి లాక్కుంది.

"తాకొద్దు. చూసి చెప్పు."

"అమ్మా, వద్దు," అన్నాడు బాబాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడకి తెలుసని ఆయనకి అప్పుడే తెలిసింది.

"చెప్పరా."

బాబాయి చాలాసేపు చూశాడు. చివరికి వేలితో పచ్చికాయని చూపించాడు. కూలీ ఆడవాళ్లలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాయనమ్మ పెద్దకొడుకు వైపు తిరిగింది. "మా నాన్నకీ ఇంతే. మా అక్క కొడుక్కీ ఇంతే. పొన్నూరు దగ్గర వరి పండే ఊళ్లో పుట్టబట్టి వాళ్ల సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది. వీడు నా కడుపున పుట్టి మిరపచేలో పడ్డాడు. లోపం నా వైపుది. నన్నేమన్నా అనండి, నా బిడ్డని దొంగ అనొద్దు." పచ్చడి పోతోందని నాకు తెలీదనుకున్నార్రా, సీసాలు కడిగి అటక మీద పెట్టింది ఎవరనుకున్నారు అని కూడా అంది.

మరి నాకెందుకు చెప్పలేదురా అన్నాడు నాన్న తమ్ముడితో. బాబాయి తల్లి వైపు చూశాడు. ఆ చూపు నాన్నకి అర్థమైంది. భుజం మీద కండువా తీసి మొహం తుడుచుకుని, ఏరని కుప్ప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "ఎండిన కాయ తిరగెయ్యడం, పట్టాలు కప్పడం నువ్వు చూసుకో. ఏరుడు నేను చూస్తా," అన్నాడు తలెత్తకుండా. మా నాన్నకి క్షమించమని అడగడం చేతకాదు. ఆ మాటే ఆయన అడిగిన క్షమాపణ.

నాయనమ్మకి అది ఊరికే పోలేదు. తాతయ్య అక్కచెల్లెళ్లు బండి కట్టించుకుని మరీ వచ్చి, అనాల్సినవన్నీ అని వెళ్లారు. అంతకు ముందు చుట్టుపక్కల ఏ సంబంధం కుదర్చాలన్నా ఆవిడ సలహా అడిగేవాళ్లు, ఆ తర్వాత అడగడం మానేశారు. ఆవిడ పుట్టింటి పిల్లల సంబంధాలు కొన్ని ఆగిపోయాయని కూడా విన్నాను. బాబాయికి మాత్రం, ఆలస్యమైనా, అన్నీ తెలిసిన మనిషే దొరికింది. పిన్ని రంగుల డబ్బాలు తానే అందించేది. ఓడలు పెరిగి పడమటి గది దాటి వరండాలోకి వచ్చాయి. ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ కల్లంలో ఇళ్ల స్థలాలు వేశారు, వాళ్లెవరూ లేరు.

పెళ్లయి నాకూ పిల్లలు పుట్టాక గాని నాయనమ్మ నాకు పూర్తిగా అర్థం కాలేదు. విశాఖపట్నంలో పిల్లా లేదు, పేకాటా లేదు, మొక్కూ లేదు. అవన్నీ ఆవిడ పుట్టించినవే. కొడుకు ఎందుకు తిరిగొచ్చాడో ఆవిడకి అతను గుమ్మంలో కాలు పెట్టినప్పుడే తెలిసి ఉంటుంది. ఊరు అసలు కారణం వైపు రాకుండా ప్రతి వారం దానికి కొత్త అనుమానం మేపింది. కుర్రాడి మీద ఆడపిల్ల మాట వస్తే నాలుగు రోజులు నవ్వుకుని వదిలేస్తారు, రక్తంలో తేడా అంటే మూడు తరాలు వదలరు. నన్ను బడి నుంచి రాగానే కల్లానికి తరమడం కూడా అందుకే. ఆయన చూపుకి నా చూపు తోడుగా పంపింది. ఆ రోజు కిటికీ దగ్గర ఆవిడ నిద్రపోలేదని నా నమ్మకం.

బస్తాలు తిరిగొచ్చిన ఆ సాయంత్రం కల్లం నుంచి ఇంటికి మేము ముగ్గురం నడిచి వచ్చాం. నాయనమ్మ, బాబాయి ముందు, నేను వెనక. నీకెప్పటి నుంచి తెలుసమ్మా అని బాబాయి అడిగాడు. నీ చిన్నప్పుడు కొరివికారానికి పండుకాయలు కోసుకురమ్మంటే చొక్కా నిండా పచ్చికాయలు తెచ్చావు, ఆ రోజే నొక్కి చూడటం నేర్పాను, మా నాన్న అలాగే చూసేవాడు అంది ఆవిడ. బాబాయి నడుస్తూ నడుస్తూ ఆగాడు.

"మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నాకు చెప్పావా?" అంది నాయనమ్మ.

బాబాయి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు, ఆవిడ వదిలించుకోలేదు. వెనకే నడుస్తున్న నాకు, ఆ ఇంట్లో పుట్టాక మొదటిసారి, ఎవరి మీదా ఏ అనుమానమూ లేదు.